తెర యెదుటి కన్నులు

కర్దనూర్ వాసులలో పలువురకు ఒకవంక పటాన్‌చెరు యంత్రశాలలును, వేఱొకవంక అవుటర్ రింగు రోడ్డు మీదుగా చేరదగిన గచ్చిబౌలి కార్యాలయములును జీవనాధారములై యున్నవి. తండ్రి యంత్రము చెంత నిలువగా కుమారుడు తెర యెదుట కూర్చుండు కాలమిది. యంత్రశాలలలో సైతము నియంత్రణపు గదిలో రేయింబవళ్లు తెరపై అంకెలను కనిపెట్టియుండు వారు కలరు. సాయంకాలమగుసరికి వీరి కన్నులు మండును, తల నొచ్చును, అక్షరములు మసకబారును.

ఇట్టివాడు కంటి అద్దాల షాపునకు పోయిన, తఱచు గోడమీది పట్టికను చదివించి, చూపు సరిగానే యున్నదని పంపుదురు. లేకున్న నీలికాంతిని వడగట్టు అద్దములను అంటగట్టుదురు. 17 ప్రయోగములను పరిశీలించి 2023లో వెలువడిన కొక్రేన్ సమీక్ష, అల్పకాలమున సాధారణపు అద్దముల కంటె ఇవి కంటి యలసటను తగ్గింపకపోవచ్చునని తేల్చినది. పేదవాని సొమ్ము మాత్రము పోయినది.

పట్టిక అబద్ధమాడదు. కాని అది కొలుచునది ఇరువది అడుగుల దూరపు చూపును. తెర యుండునది రెండడుగులలో. అంత చేరువనున్న వస్తువుపై రెండు కన్నులను కూర్చి గంటలకొలది నిలుపుట కంటి కండరములకు కఠినమైన చాకిరి. నిమిషమునకు సుమారు 15 మార్లు వాలు ఱెప్ప తెర యెదుట అందులో సగమునకును దిగవచ్చును. అంతట కన్నీటి పొర యారిపోవును. నలువది దాటిన గుమాస్తా అవస్థ వేఱు. అతని అద్దములలో క్రిందిభాగము చేత పట్టుకొన్న పుస్తకమునకై చేసినది. ఎదుటనున్న తెరను ఆ భాగముగుండా చూచుటకు గడ్డమెత్తి, మెడనొప్పికి వేఱొక వైద్యుని వెదకుకొనును!

కావున ఆప్టోమెట్రిస్టులకు ఈ విషయమున ప్రత్యేకమైన తరిఫీదు కావలయునని మా యభిప్రాయము. ఏమి పని, ఎన్ని గంటలు, తెర యెంత దూరమున, ఎంత యెత్తున అని మొదట అడుగవలెను. కన్నులు రెండును ఎంత చేరువవఱకు కూడి నిలువగలవో పెన్సిలు మొన, కొలబద్దలతో చూడవచ్చును. కన్నీటి పొర యెన్ని క్షణములు నిలుచునో కనుగొనవలెను. ప్రతి తలనొప్పిని తెరపై మోపుటయు ప్రమాదమే. మధుమేహమువలని కంటి జబ్బును, నీటికాసులను అనుమానించి వైద్యుని యొద్దకు పంపు నేర్పును ఈ తరిఫీదులోని భాగమే.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టము 35వ సెక్షనులో, ఎగురు రవ్వలనుండి, మిక్కుటమైన వెలుగునుండి కార్మికుని కన్నును కాచుటకు తెరలనో కళ్లజోళ్లనో ఏర్పఱుపుమనెను. ఆనాడు తెర కంటికి రక్ష!

సాధనములు మనకు లేకపోలేదు. 1987 నుండి హైదరాబాదున ఎల్.వి.ప్రసాద్ నేత్రవైద్య సంస్థ యున్నది. 2021 నాటి కేంద్ర చట్టము ఆప్టోమెట్రీని గుర్తింపుగల వైద్యానుబంధ వృత్తులలో చేర్చినది. 2018 ఆగస్టు 15న మెదక్ జిల్లా మల్కాపూర్‌లో ఆరంభమైన కంటి వెలుగు తొలివిడతలో కోటిన్నరకు పైబడి జనుల కన్నులు పరీక్షింపబడినవి. ఇకముందు పటాన్‌చెరు ప్రాంతమున శిబిరము పెట్టునపుడు, పరీక్షకులకు ముందుగా ఈ తరిఫీదు నిచ్చి, రోగి చీటిపై ‘తెర యెదుట ఎన్ని గంటలు’ అను గడి నుంచవలెనని ప్రభుత్వమును కోరుచున్నాము.