తప్పిన ముప్పు నేర్పే పాఠం

‘తలకు వచ్చిన ఆపద తలపాగాతో పోయింది’ అని తెలుగువారు ఊరట చెందుతారు. గండం గడిచినప్పుడు ఊపిరి పీల్చుకోవడం మానవ సహజం. అయితే ఆ ఆపద ఏ దారిన వచ్చిందో, తలపాగాతోనే ఎందుకు పోయిందో ఆలోచించేవారు అరుదు. వ్యక్తి జీవితంలో ఈ ఉదాసీనత వల్ల కలిగే నష్టం పరిమితం కావచ్చు. వందలాది ప్రాణాలను మోసుకొనిపోయే విమానయానంలో మాత్రం అది పెనుచేటుకు కారణమవుతుంది. అందుచేత తప్పిన ప్రమాదాన్ని కూడా జరిగిన ప్రమాదమంత శ్రద్ధతో పరిశీలించాలి. దానిని నిర్భయంగా వెల్లడించే వాతావరణాన్ని కల్పించాలి.

రద్దీగా ఉండే విమానాశ్రయంలో క్షణకాలపు ఏమరుపాటుకైనా తావులేదు. గాలిలోకి లేచే ముందు పెద్ద విమానం రన్‌వేపై గంటకు సుమారు 250 కిలోమీటర్ల వేగాన్ని అందుకొంటుంది. ఆ వేగంలో ఎదురుగా మరో విమానం కనిపిస్తే ఆగడానికి వ్యవధి ఉండదు. 2023 జనవరి 13వ తేదీ రాత్రి న్యూయార్క్‌లోని జాన్ ఎఫ్. కెనెడీ విమానాశ్రయంలో ఇటువంటి స్థితే ఏర్పడింది. లండన్ వెళ్లవలసిన ఒక విమానం తనకు అనుమతించిన రన్‌వేను కాక, పొరపాటున మరొక రన్‌వేను దాటసాగింది. అదే రన్‌వేపై 145 మంది ప్రయాణికులతో ఇంకొక విమానం అప్పటికే పరుగందుకొంది. నేలమీది విమానాల కదలికలను కనిపెట్టే యంత్రవ్యవస్థ హెచ్చరించింది. కంట్రోలర్ తక్షణమే అనుమతిని రద్దుచేస్తున్నట్లు బిగ్గరగా ప్రకటించాడు. పైలట్లు బ్రేకులు వేశారు. మొదటి విమానం దాటిన చోటికి దాదాపు వెయ్యి అడుగుల దూరంలో రెండవది ఆగిందని అమెరికా విమానయాన అధికారులు తొలుత తెలిపారు.

అన్ని ప్రాణాలు దక్కాయి గనుక కథ సుఖాంతమే. కాని దర్యాప్తు చేసినవారికి ఒక చిక్కు ఎదురైంది. లండన్ విమానం ఆ రాత్రే తన ప్రయాణాన్ని కొనసాగించింది. పైలట్ల సంభాషణను భద్రపరిచే పరికరం చివరి రెండు గంటల మాటలను మాత్రమే నిలుపుకొంటుంది. లండన్ చేరేసరికి రన్‌వే దాటిన వేళ జరిగిన సంభాషణ చెరిగిపోయింది. విమానం కూలి ఉంటే ఆ మాటలు మిగిలి ఉండేవి. క్షేమంగా సాగిపోయినందువల్ల అవి దక్కలేదు! తప్పిన ప్రమాదాన్ని లోకం ఎంత తేలికగా తీసుకొంటున్నదో చెప్పడానికి ఈ ఉదాహరణ చాలు. ఆ సంభాషణను 25 గంటలపాటు భద్రపరచాలని అమెరికా 2024లో శాసనం చేసింది.

భారతదేశానికీ ఇటువంటి అనుభవం ఉంది. 2022 జనవరి 7వ తేదీ ఉదయం బెంగళూరు విమానాశ్రయంలో సమాంతరంగా ఉన్న రెండు రన్‌వేల నుంచి రెండు విమానాలు ఇంచుమించు ఒకేసారి లేచాయి. ఒకటి కోల్‌కతాకు, మరొకటి భువనేశ్వర్‌కు వెళ్లవలసినవి. రెండింటిలో కలిపి నాలుగు వందల మందికి పైగా ఉన్నారు. ఆ సమయంలో ఒకే రన్‌వేను వాడాలని తీసుకొన్న నిర్ణయం, రెండవ రన్‌వేను చూస్తున్న కంట్రోలర్‌కు చేరలేదు. రెండు విమానాలూ ఒకదానివైపు ఒకటి మొగ్గుతుండగా రాడార్ తెరపై గమనించిన మరొక అధికారి వాటిని చెరొక దిక్కుకు మళ్లించాడు. ఆయన అప్రమత్తత ప్రశంసనీయం. అయితే ఈ సంఘటనను ఆనాడు ఏ నమోదు పుస్తకంలోనూ రాయలేదని పౌర విమానయాన అధికారులే తరువాత వెల్లడించారు. పొరపాటు మానవ సహజం. దాన్ని నమోదు చేయకపోవడం అంతకంటే ఆందోళన కలిగించే విషయం.

దాచిన పాఠం ఎంత ఖరీదైనదో 1974 నాటి అనుభవం చెబుతుంది. ఆ ఏడాది డిసెంబరు 1న వాషింగ్టన్ సమీపంలో ఒక విమానం కొండను ఢీకొని 92 మంది మరణించారు. అందుకు ఆరు వారాల ముందే మరో సంస్థ విమానం అదే కొండ వద్ద తృటిలో తప్పించుకొంది. ఆ సంస్థ తన పైలట్లను హెచ్చరించుకొంది. ఇతర సంస్థల పైలట్లకు ఆ కబురు అందలేదు. దీని ఫలితంగా 1976లో అమెరికాలో ఒక కొత్త ఏర్పాటు జరిగింది. పైలట్లు, కంట్రోలర్లు తమ పొరపాట్లను స్వచ్ఛందంగా తెలియజేయవచ్చు. వారి పేర్లు గోప్యంగా ఉంటాయి. ఆ నివేదికలను స్వీకరించే బాధ్యతను శిక్షించే అధికారం గల శాఖకు కాక, అంతరిక్ష పరిశోధన సంస్థ నాసాకు అప్పగించడంలోనే దాని విజ్ఞత కనిపిస్తుంది.

తప్పు చేసినవారిని శిక్షించకపోతే క్రమశిక్షణ ఎలా నిలుస్తుందని కొందరు ప్రశ్నిస్తారు. ఈ ప్రశ్న సమంజసమైనదే. మద్యం సేవించి విధులకు వచ్చినవారిని, తెలిసి నిబంధనలను ఉల్లంఘించినవారిని, జరిగినదాన్ని కప్పిపుచ్చినవారిని ఉపేక్షించరాదు. కాని పనిభారం వల్ల, సమాచార లోపం వల్ల జరిగిన పొరపాటును కూడా అదే తక్కెడలో తూచితే, సిబ్బంది నోరు విప్పడానికి జంకుతారు. 2024 జూన్‌లో ముంబయిలో ఒక విమానం రన్‌వేను వదిలి లేస్తుండగానే దాని వెనుక మరొకటి అదే రన్‌వేపై దిగింది. సంబంధిత కంట్రోలర్‌ను విధుల నుంచి తప్పించారు. దర్యాప్తు వేళ అటువంటి చర్య అవసరం కావచ్చు. దానితోనే పని ముగిసిందనుకొంటే, ఆ కుర్చీలో రేపు కూర్చొనే వ్యక్తికి అదే చిక్కు ఎదురవుతుంది.

ప్రాణాలు పోయాకే నేర్చుకోవడం లోకానికి పాత అలవాటు. 1977 మార్చి 27న టెనెరిఫె ద్వీపంలో రెండు భారీ విమానాలు రన్‌వేపై ఢీకొని 583 మంది మరణించిన తరువాతనే రేడియో సంభాషణలో మాటల వాడుకను కట్టుదిట్టం చేశారు. 1996 నవంబరు 12న హర్యానాలోని చర్ఖీ దాద్రి వద్ద రెండు విమానాలు ఆకాశంలో ఢీకొని 349 మంది బలైన తరువాతనే, ఢిల్లీకి వచ్చే విమానాలకు, వెళ్లే విమానాలకు వేర్వేరు మార్గాలు ఏర్పడ్డాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటే ఇదే. తప్పిన ప్రమాదం చేతులు కాలకముందే ఆకులను అందిస్తుంది.

ఈ నీతి విమానాలకే పరిమితం కాదు. కళాశాల ప్రయోగశాలలో చేయి జారిన ఆమ్లపు సీసా, రైల్వే గేటు వద్ద వెంట్రుకవాసిలో తప్పిన అపాయం, విద్యుత్ తీగ తగిలి క్షేమంగా బయటపడిన కార్మికుడు, వీటన్నిటిలోనూ ఒక హెచ్చరిక దాగి ఉంది. రేపటి ఇంజనీర్లు, వైద్యులు, అధికారులు కానున్న విద్యార్థులు దాన్ని చెవిన పెట్టడం ఇప్పటి నుంచే అలవరచుకోవాలి. జరిగిన పొరపాటును ఒప్పుకొనే ధైర్యం, ఒప్పుకొన్నవారిని ఆదరించే సంస్కారం ఉన్న సమాజంలోనే ప్రయాణికుడు నిశ్చింతగా గమ్యం చేరుకొంటాడు.