జామపళ్లు కోసేవారికీ అడవిలో జీతం ఉండాలి

ఏప్రిల్, మే నెలల్లో మారిషస్ కొండ ప్రాంతాలకు వెళ్లిన వారికి ఈ దృశ్యం తెలిసిందే. ప్లేన్ షాంపాన్ రోడ్డు పక్కన కార్లు బారులు తీరి ఉంటాయి. సంచులు పట్టుకుని కుటుంబాలకు కుటుంబాలే పొదల్లోకి దిగుతాయి. ఉసిరికాయంత ఎర్రటి చీనా జామపళ్లు, వాటికి తోడు ఉప్పూ కారం. కొందరికి అది సరదా. మరికొందరికి రోడ్డు పక్కన పొట్లాలు కట్టి అమ్ముకునే నాలుగు నెలల జీవనాధారం.

ఆ జామే ఇక్కడి అడవిని మింగేస్తోంది. పేరులో చీనా ఉన్నా దాని పుట్టిల్లు బ్రెజిల్. గుబురుగా అల్లుకుపోయి కింద మరో మొలకను లేవనివ్వదు. పైన పాత నల్లచేవ చెట్లు, అదే ఎబొనీ, నిలబడే ఉంటాయి కానీ వాటి పిల్లలు కనిపించవు. 1598లో డచ్చివారు దిగేనాటికి ఈ దీవి దాదాపు అంతా అడవే. చేవ కోసం కొంత, చెరకు కోసం మరెంతో నరికారు. ఆ చెరకు తోటల్లో పనికి వచ్చినవారిలో మనవాళ్లూ ఉన్నారు. కోరంగి రేవు పేరు మీదే ఇక్కడి తెలుగువారిని ‘కోరంగీలు’ అన్నారు. నేడు మంచి స్థితిలో మిగిలిన స్వదేశీ అడవి దీవి విస్తీర్ణంలో 2 శాతం లోపే.

అయినా ఆశ వదులుకోనక్కర్లేదు. 1974లో అడవిలో 4 మాత్రమే మిగిలిన మారిషస్ కెస్ట్రెల్ డేగ ఇప్పుడు వందల్లో ఉంది. 1994లో బ్లాక్ రివర్ గోర్జెస్ జాతీయ పార్కు ఏర్పడింది. అందులో కొన్ని భాగాలకు జింకలు, అడవి పందులు రాకుండా కంచె వేసి జామను చేత్తో తొలగిస్తున్నారు. అయితే ఒకసారి తీస్తే పోయేది కాదది. నరికిన మొదలు మళ్లీ చిగురిస్తుంది, పక్షులు గింజలు మోసుకొస్తాయి. ఏటేటా అదే చోటికి వెళ్లాలి. అంటే ఏటేటా జీతాలు ఇవ్వాలి. నా దృష్టిలో అడవి రక్షణ అంటే ముందు ఈ జీతాల లెక్కే.

ఇప్పటిదాకా దీనికి దొరికిన జవాబు పర్యాటకం. 26 హెక్టార్ల ఇల్ ఓ ఎగ్రెట్ దీవిలోనూ, షమరెల్ దగ్గరి ఎబొనీ ఫారెస్ట్‌లోనూ సందర్శకుల టికెట్ల డబ్బు మొక్కల పనికి తోడ్పడుతోంది. మంచి పద్ధతే. కానీ 2020 మార్చిలో సరిహద్దులు మూసేశారు. పూర్తిగా తెరిచేసరికి 2021 అక్టోబరు వచ్చింది. సందర్శకులు ఆగిపోయారు గానీ జామ ఆగలేదు.

జామపళ్లతో జెల్లీలు, రసాలు చేసి పెద్ద వ్యాపారం నడపవచ్చు కదా అని కొందరు మిత్రులు అంటుంటారు. నాకు ఆ ఆలోచన నచ్చదు. పండు మీద బతికేవాడు చెట్టును పీకమంటే పీకుతాడా? పండుకు కాక, శుభ్రం చేసిన నేలకు లెక్కగట్టి కూలి ఇవ్వాలి. ఏ గుబురు ఎక్కడుందో పళ్లు కోసేవాళ్లకు తెలిసినంతగా మరెవరికీ తెలియదు. సీజన్‌లో కోసుకోనివ్వండి, మిగతా నెలల్లో వాళ్లకే తొలగింపు పని ఇవ్వండి. ఆ ఖర్చులో కొంత, చెరకు భూముల్లో విల్లాలు కడుతున్న సంస్థల మీద వేయడం న్యాయం.

ఎబొనీ మన తునికి చెట్టుకు దగ్గరి బంధువు. తెలుగు నేల మీద గిరిజన కుటుంబాలు వేసవిలో తునికాకు కోసుకుంటాయి, చెట్టు మాత్రం నేల మీదే ఉంటుంది. మన పూర్వీకులు ఓడెక్కిన కోరంగి చుట్టూ మడ అడవులున్నాయి. అక్కడ చెక్క వంతెన మీద నడవడానికి, పడవ ఎక్కడానికి వచ్చేవారి వల్ల ఊరివారికి పని దొరుకుతోంది. కోరంగికీ ఇదే హెచ్చరిక వర్తిస్తుంది. సందర్శకులనే నమ్ముకుంటే తుపాను వచ్చిన ఏడాది పస్తే.

ఇక మన సంఘాల సంగతి. ఉగాది ఇక్కడ ప్రభుత్వ సెలవు దినం. ఆలయాల్లో మామిడి, వేప నాటుతున్నాం, నాటుదాం. వాటి పక్కనే నాలుగు స్వదేశీ మొక్కలకు చోటివ్వలేమా? దానంగా అడగకుండా, పెంచేవారి దగ్గర డబ్బిచ్చి కొనాలి. అప్పుడే నర్సరీలో ఒకరిద్దరికి జీతం నిలుస్తుంది. గింజలు సేకరించి, మొలిపించి, నాటే ఎత్తుకు పెంచాలి గనుక ఆర్డరు బాగా ముందే ఇవ్వాలి. వచ్చే ఉగాదికి కావాలంటే సంఘాలు ఈ నెలలోనే కూర్చోవాలి.