వంతెన నెత్తిన ఇల్లు

వంతెన మొగలో, తల పైకెత్తి చూస్తే కనబడేట్టు, ఒక బోర్డు ఉంది. గుర్రాన్ని నడిపించుకునే వెళ్లాలి, లేదంటే రెండు డాలర్ల జరిమానా అని దాని సారాంశం. నేను చదువుతున్న సమయానికి దాని కిందనుంచి పోతున్నవన్నీ కార్లే. మా అల్లుడు వేగం తగ్గించి, "మావయ్యగారూ, మన కారు ఎన్ని గుర్రాల శక్తో లెక్కేసి తలకి రెండు డాలర్లంటే ఇల్లమ్ముకోవాలండీ" అన్నాడు. వెనక సీట్లో మా ఆవిడ పులిహోర డబ్బా ఒడిలో పెట్టుకుని, "ముందు ఇది దాటించు నాయనా, చీకటిగా ఉంది" అంది.

అక్టోబరు రెండో వారం. బోస్టన్‌కు పైన, నాషువాలో ఉంటుంది మా అమ్మాయి. ఆ రోజుల్లో అక్కడున్న తెలుగువాళ్లలో సగంమంది శనివారం తెల్లారేసరికి ఉత్తరానికి బయల్దేరతారు, ఎర్రబడిన మేపుల్ ఆకులు చూడటానికి. ఆకుల సంగతి నేను రాయను. వాటి ఫొటోలు మీ వాట్సాప్‌లో ఇప్పటికే చాలా ఉంటాయి. వాటి మధ్యలో ఎక్కడో ఒక ఫొటోలో, వాగు మీద పశువులశాల లాంటి కట్టడం ఒకటి, దాని ముందు మనవాళ్లు వరసగా నిలబడి కనిపిస్తారు. ఆ వెనక ఉన్న దాని గురించే ఈ వారం.

మేం దాటింది కార్నిష్–విండ్సర్ వంతెన. కనెక్టికట్ నదికి ఇవతల న్యూహాంప్‌షైర్‌లోని కార్నిష్, అవతల వెర్మాంట్‌లోని విండ్సర్. సుమారు 450 అడుగుల పొడవు, నది నడుమ ఒక్కటే స్తంభం. చట్రమంతా కర్ర. పైన కప్పు, రెండు పక్కలా పలకల గోడలు. 1866లో జేమ్స్ టాస్కర్, బేలా ఫ్లెచర్ అనే ఇద్దరు తొమ్మిది వేల డాలర్లకు కట్టారు. టాస్కర్‌కి చదవడం, రాయడం రాదంటారు. అంతకుముందు అదే చోట కట్టిన మూడు వంతెనలను నది ఒకదాని తర్వాత ఒకటి ఎత్తుకుపోయింది. ఈ నాలుగోదాన్ని మాత్రం వదిలిపెట్టింది. 1943 దాకా దాటినవాళ్ల దగ్గర సుంకం వసూలు చేసేవారు. ఇంకో తమాషా: రెండు రాష్ట్రాల సరిహద్దు నది మధ్యలో లేదు, వెర్మాంట్ ఒడ్డునే ఉంది. 1930లలో సుప్రీంకోర్టు దాకా వెళ్లి తేల్చుకున్నారు. అందువల్ల వంతెన దాదాపు పూర్తిగా న్యూహాంప్‌షైర్‌ది. బాగుచేయించే ఖర్చూ దానిదే. నదీజలాల పంచాయతీలు బాగా తెలిసినవాళ్లం కనక మనకు ఇది నవ్వులాటగా అనిపించదు.

వంతెనకు కప్పెందుకు? కారులో ఈ ప్రశ్న వేస్తే మూడు జవాబులొచ్చాయి. వానకు తడవకుండా అంది మా ఆవిడ. మంచు పడకుండా అన్నాడు అల్లుడు. కింద నీళ్లు చూసి గుర్రాలు బెదరకుండా అని అమ్మాయి ఎక్కడో చదివిందట. మూడూ తప్పే. మంచు సంగతైతే తిరగబడింది కూడా. చలికాలంలో బండ్లకు చక్రాలు తీసేసి జారుడు బద్దలు వేసేవాళ్లు. మంచు లేని చెక్కనేల మీద అవి కదలవు. అందుకని ఊరు కూలికి మనిషిని పెట్టి, బయట మంచు పారతో తెచ్చి కప్పున్న వంతెన లోపల పరిపించేది.

అసలు కారణం చెబితే పెంకుటింట్లో పుట్టినవాళ్లకు ఒక్క క్షణంలో అర్థమవుతుంది. కప్పు మనుషుల కోసం కాదు, దూలాల కోసం.

మాది కోనసీమలో మండువా ఇల్లు. మృగశిర కార్తె ఇంకా పదిహేను రోజులుందనగా నాన్న పెరట్లో నిలబడి కప్పు వంక చూస్తూ ఉండేవాడు. కోతులు కదిపిన పెంకులు, కొబ్బరికాయ పడి పగిలిన పెంకులు లెక్కపెట్టుకుని, నేసేవాడికి కబురు పెట్టేవాడు. "మనిషి తడిస్తే ఆరతాడు. దూలం తడిస్తే ఆరదురా" అనేవాడు. ఇల్లు నేయించకుండా రెండు వానాకాలాలు గడిపితే వాసం మెత్తబడుతుంది, మూడోదానికి దూలం మొదలు గోడలోకి దిగేచోట నల్లబడుతుంది. ఆ తర్వాత చెదకు పిలుపు అక్కర్లేదు.

వంతెన సంగతీ అంతే. ఎండా వానా తగిలే కర్ర వంతెన పదిహేనిరవై ఏళ్లలో పుచ్చిపోతుంది. మోసేవి పక్కనున్న దూలాల చట్రాలు, ఇంజనీర్లు ట్రస్ అంటారు. కర్రను త్రిభుజాలుగా కూర్చితే బరువు ఒకదాన్నించి ఒకదానికి పాకి ఒడ్డునున్న రాతికట్టుకు దిగుతుంది. కర్రా కర్రా కలిసే అతుకుల్లో నీళ్లు నిలిచాయా, పని అయిపోయినట్టే. పైన కప్పు, పక్కన పలకలు తొడిగితే అదే చట్రం నూరేళ్లు దాటుతుంది. ఫిలడెల్ఫియాలో స్కూల్‌కిల్ నది మీద తిమోతీ పామర్ కట్టిన వంతెన 1805లో పూర్తయింది. దానికి కప్పు వేయించాలని పట్టుబట్టినవాడు రిచర్డ్ పీటర్స్ అనే జడ్జి. అమెరికాలో కప్పున్న వంతెనల వరస అక్కడ మొదలైందంటారు.

కప్పూ పలకలూ ఉన్నదే పాడవడానికి. అవి చివికితే ఊడదీసి కొత్తవి కొడతారు, లోపలి ఎముకలు నిలుస్తాయి. ఈ ఏర్పాటులో నాకు నచ్చిన తెలివి ఇదే. ఏది పోయినా ఫర్వాలేదో ముందే నిర్ణయించుకుని దాన్ని బయట పెట్టారు. మనం తరచూ దీనికి తలకిందులుగా చేస్తాం. రంగులు బయట వేసి, తడి లోపల వదిలేస్తాం.

కనెక్టికట్ రాష్ట్రం న్యూహేవెన్‌లో ఇథియెల్ టౌన్ అనే వాస్తుశిల్పి ఉండేవాడు. 1820లో ఈయన ఒక చట్రానికి పేటెంటు తీసుకున్నాడు. మన పాత ఇళ్ల వసారాలకు బద్దలతో అల్లిన జాలీ గుర్తుందా, అచ్చం అదే. సన్నపాటి పలకలను ఏటవాలుగా, ఒకదాని మీదొకటి అడ్డంగా అల్లి, కలిసిన ప్రతిచోటా కర్ర చీలలు దిగ్గొట్టడం. పెద్ద మాను దూలాలు అక్కర్లేదు, గొప్ప పనివాడూ అక్కర్లేదు. ఊళ్లో రంపపు మిల్లూ, బర్మా పట్టగల నలుగురు వడ్రంగులూ ఉంటే చాలు. టౌన్ వంతెనలు కట్టడం కన్నా హక్కు అమ్ముకోవడం మీద మనసు పెట్టాడు. అడుగుకు ఒక డాలరు. అడక్కుండా కట్టి దొరికిపోతే అడుగుకు రెండు. కార్నిష్ వంతెనా ఈ జాలీ పద్ధతిలోదే, కాకపోతే పలకలకు బదులు లావుపాటి చదరపు కర్రలు వాడారు. పగటిపూట దాని లోపల నిలబడితే, పలకల సందుల్లోంచి వచ్చిన ఎండ ఆ అల్లిక మీద పడి నేలంతా గీతలు గీతలుగా ఉంటుంది. నేను నిలబడలేదు. వెనక కారు వాడు హారన్ కొట్టాడు. అల్లుడు అవతల ఒడ్డున బండి ఆపితే వెనక్కి నడిచొచ్చి, అంచున నిలబడి చూశాను.

వెర్మాంట్ ఒక్క రాష్ట్రంలోనే ఒకప్పుడు ఇలాంటివి వందల్లో ఉండేవి. ఇప్పుడు నిలిచినవి సుమారు వంద. 1927 నవంబరులో వచ్చిన వరద ఆ రాష్ట్రంలో 84 మందిని పొట్టన పెట్టుకుంది, అన్ని రకాలవీ కలిపి 1,285 వంతెనలను తీసుకుపోయింది. 2011 ఆగస్టు 28న ఐరీన్ తుపాను తాలూకు వాన. 1870లో కట్టిన బార్టన్స్‌విల్ వంతెన విలియమ్స్ నదిలోకి ఒరిగి, కప్పుతో సహా కొట్టుకుపోవడాన్ని ఎవరో వీడియో తీశారు. ఇల్లొకటి లేచి నడిచి వెళ్లిపోయినట్టుంటుంది. అదే రోజు న్యూయార్క్ రాష్ట్రంలో 1855 నాటి బ్లెన్‌హైమ్ వంతెన కూడా పోయింది. రెండిటినీ మళ్లీ కట్టుకున్నారు, బార్టన్స్‌విల్‌ది 2013లో, బ్లెన్‌హైమ్‌ది 2018లో.

వరద వదిలినవాటికి లారీలున్నాయి. ఈ వంతెనలు గడ్డిబండి పట్టే ఎత్తున కట్టినవి. వెర్మాంట్ లిండన్ ఊళ్లోని మిల్లర్స్ రన్ వంతెన మొగను పెట్టెలారీలు పదే పదే గుద్దుతూనే ఉన్నాయి. ఎంత ఎత్తు వరకే పడుతుందో బోర్డు మీద రాసే ఉంటుంది. డ్రైవరు చూపు ఫోనులోని దారి మీద. మా ఊరి గ్రంథాలయం దగ్గర కమాను కింద ఇసుక లారీ ఇరుక్కుపోవడం చూసిన నాకు, ఈ విషయంలో రెండు దేశాలకూ తేడా కనబడలేదు.

వరదా లారీ కాకపోతే నిప్పు. 1993లో న్యూహాంప్‌షైర్ న్యూపోర్ట్‌లో కార్బిన్ వంతెన కాలిపోయింది. మరుసటి ఏడు ఆర్నాల్డ్ గ్రేటన్ అదే జాలీ పద్ధతిలో కొత్తది కట్టాడు. ఒడ్డున పూర్తిగా కూర్చి, ఎద్దులతో లాగించి నది మీదికి చేర్చాడు. అమెరికాలో, 1994లో, ఎద్దులతో! వాళ్ల నాన్న మిల్టన్ గ్రేటన్ 1969లో వెర్మాంట్ వుడ్‌స్టాక్ ఊరి నడిబొడ్డున కట్టిన వంతెననూ అలాగే ఎద్దులతో లాగించాడు. పశువు మెల్లగా, కుదుపు లేకుండా లాగుతుంది కనక అతుకులు కదలవు. ఏరువాకలో ఎద్దును చూసినవాడికి ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు.

ఇక్కడే పేచీ ఒకటి వస్తుంది. కాలిపోయి మళ్లీ కట్టినదాన్ని పాత వంతెన అనొచ్చా? నేలపలకలు ఎన్నిసార్లు మార్చారో లెక్కలేదు. కప్పు మారింది. 1989లో కార్నిష్ వంతెనకు నలభై నాలుగు లక్షల డాలర్ల పైచిలుకు పెట్టి మరమ్మతు చేసినప్పుడు, అడుగు దూలాల్లో పాడైనచోట పొరలు పొరలుగా జిగురుతో అంటించిన కొత్త కర్ర వేశారు. ఇంక 1866 నాటిదంటే ఏమిటి మిగిలినట్టు?

నాకు అంతర్వేది గుర్తొచ్చింది. 2020 సెప్టెంబరులో లక్ష్మీనరసింహస్వామి రథం షెడ్డులోనే కాలి బూడిదైంది. మా ఊళ్లో ఆ రోజు పొయ్యి వెలిగించని ఇళ్లున్నాయి. 2021 ఫిబ్రవరి కల్యాణానికి కొత్త రథం సిద్ధమైంది. తాడు పట్టుకున్న మా మేనత్త కొడుకుని, ఇది పాత రథమేనా అని అడిగాను. "స్వామి రథం. పాతా కొత్తా ఏమిట్రా?" అన్నాడు. నది మీద అదే చోట, అదే పద్ధతిలో, అదే పనికి నిలబడి ఉంటే నేనూ అదే వంతెన అంటాను. వెర్మాంట్ క్వీచీ ఊళ్లోని వంతెన మాత్రం నాకు ఆనలేదు. బరువు మోసేది ఉక్కూ కాంక్రీటూ, చెక్క కప్పు కేవలం వేషం. దాన్ని చూసి ఫొటో దిగినవాళ్లలో మేమూ ఉన్నాం, దాచుకోవడమెందుకు.

పాతవి నిలిచినచోటల్లా ఎవరో ఒకరు కప్పు వంక చూస్తూ ఉండబట్టే నిలిచాయి. మన దగ్గర వంతెన మొదలుపెట్టిన మంత్రికి శిలాఫలకం ఉంటుంది, తెరిచిన మంత్రికి ఇంకో శిలాఫలకం. ముప్ఫై ఏళ్ల తర్వాత అతుకుల్లో నీళ్లు నిలవకుండా చూసిన మేస్త్రీ పేరు ఏ రాయి మీదా చదవలేదు నేను. అక్కడ కూడా రాయి లేదులెండి. కానీ గ్రేటన్ల పేరు అడిగితే చెప్పేవాళ్లున్నారు.

ఆ రాత్రి నాషువా చేరాక తమ్ముడికి ఫోన్ చేశాను. ఊళ్లో అప్పటికి తెల్లవారింది. వంతెన ఫొటో పంపించి, సంగతంతా చెప్పి, మండువా ఇంటికి ఈ ఏడు పెంకు ఎవరితో నేయించావని అడిగాను. కాసేపు మాట్లాడలేదు.

"నేసేవాడు లేడన్నయ్యా. పోయినేడు వచ్చిన ముసలాయన కాలం చేశాడు. కొడుకు దుబాయ్‌లో ఉన్నాడంట."

"మరి వానాకాలం ఎలా గడిచింది?"

"వంటింటి వైపు టార్పాలిన్ కప్పాం. దూలం కొంటానని అమలాపురం నుంచి ఒకాయన రెండుసార్లు వచ్చాడు. గోరు గుచ్చి చూసి, ఇంకా గట్టిగానే ఉందన్నాడు."