తలనొప్పి దాచవద్దు

ప్రశ్న: మా అబ్బాయికి 24 ఏళ్లు. మామిడితోట పనితో గట్టిపడ్డ ఒళ్లు. గైడుతో కిలిమంజారో ఎక్కబోతున్నాడు. ఏం జాగ్రత్తలు చెప్పమంటారు?
— ఒక తల్లి, నూజివీడు

జవాబు: రెండు మూడు నెలల ముందునుంచే రోజూ వేగంగా నడవాలి, వీపున బరువుతో మెట్లెక్కి దిగాలి. కాని కండబలం వేరు, ఎత్తుకు అలవాటుపడటం వేరు. 5,895 మీటర్ల ఆ శిఖరంపై ప్రాణవాయువు ఇక్కడ అందేదానిలో సుమారు సగమే. 2014లో ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ కూడా భువనగిరి కొండతో ఆగక హిమాలయాల్లో శిక్షణ పొందింది. 3,000 మీటర్లు దాటాక రాత్రి బస రోజుకు 500 మీటర్లకు మించి పెరగకుంటే మేలు. తలనొప్పి, వాంతి ఉంటే గైడుకు చెప్పి ఆగిపోవాలి. నడక తూలినా, కూర్చున్నా ఆయాసపడినా వెంటనే దిగాలి. “డబ్బు పోసి సగంలో వచ్చావా?” అని మాత్రం మీరు అనకండి. ఆ భయంతోనే కుర్రాళ్లు తలనొప్పి దాస్తారు.