కుర్చీ విడువని పురుషుడు

సంతానము లేని యింట నింద మొదట ఇల్లాలిపై పడుట మన సంఘమున చిరకాలపు టన్యాయము. నోములు ఆమెకే, పరీక్షలు ఆమెకే, గొడ్రాలను పేరును ఆమెకే. ఇట్టి దంపతులలో సుమారు సగము మంది విషయమున పురుషుని లోపమును కారణమై యుండునని వైద్యులు చెప్పుచున్నను మగవాడు కుర్చీనుండి కదలడు.

ఆ కుర్చీయే విచారింపదగినది. వృషణములు దేహముకంటె రెండు మూడు డిగ్రీలు చల్లగా నున్నగాని శుక్రకణములు చక్కగా వృద్ధినొందవు. గంటలకొలది కూర్చుండుటచే అచ్చట వేడిమి హెచ్చును. కదలిక లేక పెరిగిన కొవ్వు హార్మోనుల పొందికను చెరచును. హార్వర్డు పరిశోధకులు 189 మంది యువకులను పరీక్షించి 2013లో ప్రకటించిన ఫలితములలో, వారమునకు 20 గంటలకు మించి టెలివిజను చూచువారి శుక్రకణముల సాంద్రత, ఇంచుమించు చూడనివారికంటె 44 శాతము తక్కువగా నుండెను. వ్యాయామశీలురకు అది హెచ్చుగా నుండెను. ఇది సంబంధమును చూపునేగాని కారణమును ఋజువు చేయదు. కూర్చుండువారెల్ల సంతానహీనులగుదురనియు కాదు. అయినను హెచ్చరికను పెడచెవిని బెట్టరాదు.

శుక్రకణము రూపొందుటకు రమారమి రెండున్నర నెలలు పట్టును. కావున నేటి నడక వృథా పోదు. కండలకై స్టెరాయిడు మందులు వాడుట మాత్రము ఉన్న బీజమును చెరచుకొనుటయే. రేయింబవళ్లు పని చేయించుకొను హైదరాబాదు కార్యాలయముల యజమానులు ఉద్యోగులకు గంటకొకసారి లేచి తిరుగు వ్యవధి నీయవలెను. భార్యను ఆసుపత్రులచుట్టు త్రిప్పుటకు ముందు భర్త తాను పరీక్షకు పోవలెను. అది అవమానము కాదు, ధర్మము.