పెనానికి తుప్పు పడితే పెనాన్ని కోస్తామా?

తిరుత్తణి ఇంట్లో ఉన్న తాతగారి అంబాసిడర్ కారుకి ఫ్లోరు కోయించాలని మన బంధువుల్లో ఎక్కువమంది తీర్మానించేసినారు. ఆడికృత్తిక లోపల పని అయిపోవాలట. టింకరింగ్ షెడ్డాయన వచ్చి, డ్రైవర్ కాళ్ళ దగ్గరి రబ్బరు మ్యాటు ఎత్తి, ఎర్రగా కనిపించిన రేకుని చూసి, "ఫ్లోరంతా పోయింది సార్, కట్ చేసి కొత్త షీటు వేసేద్దాం" అన్నాడు. అంతే, అందరూ తలలు ఊపినారు. తిరువళ్ళూరు ఇంటివాళ్ళం మేము మాత్రం ఒప్పుకోలేదు, ఒప్పుకోం. నోటితో చెప్తే ఎవరూ చివరిదాకా వినలేదు గనక ఇక్కడ రాస్తా ఉన్నాం. ఇలాంటి కారూ ఇలాంటి బంధువులూ హోసూరులోనో బళ్ళారిలోనో ఉన్న మీ ఇంట్లోనూ ఉండచ్చు.

పోయిన ఆదివారం మేమే పోయి చూసినాం. సీట్లు విప్పి, మ్యాట్లు, వాటి కింది జనపనార పట్టా అన్నీ బయట వేసినాం. వైర్ బ్రష్‌తో నాలుగుసార్లు రుద్దితే ఎర్రపొడి లేచిపోయి కింద బూడిదరంగు రేకు తేలింది. స్క్రూడ్రైవర్ మొనతో అంగుళం అంగుళం పొడిచినాం, ఎక్కడా దిగలేదు. పిడితో తడితే గట్టి రేకు మోగినట్టే మోగింది. పొరలు ఊడిరావడం లేదు, చిల్లు లేదు. దీనికి పైతుప్పు అని పేరు. ఫ్లోరు తడిసింది, నిజమే. పోయిందనడం అబద్ధం.

అవ్వ దోసెల పెనం గుర్తుందా? వానాకాలంలో నాలుగు రోజులు వాడకపోతే ఎర్రబడేది. ఆమె చింతపండు వేసి తోమి, తేమంతా పోయేదాకా పొయ్యి మీద కాచి, నూనెగుడ్డతో తుడిచి పెట్టేది. కమ్మరిని పిలిపించి, పెనం నడిమికి కోసి కొత్త రేకు అతికించమని ఏనాడన్నా అడిగిందా? ఆ పెనం మీదే మేమింకా దోసెలు పోసుకుంటా ఉన్నాం.

ఫ్లోరు కోయడమంటే కిటికీ రేకు మార్చడం లాంటిదని మనవాళ్ళ లెక్క. అంబాసిడర్ మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడో సిరీస్ నుంచి వచ్చిన బండి. లారీకి ఉన్నట్టు దీనికి వేరే ఛాసిస్ లేదు. ఫ్లోరు, పక్కలు, టాపు కలిసి ఒకే పెట్టెలాగా బరువు మోస్తాయి. సరైన ఆనింపు లేకుండా ఫ్లోరు కోస్తే ఆ పెట్టె వంగుతుంది, తర్వాత తలుపులు సరిగా పడవు. పైగా అతుకు వేసినచోట రేకు మీద రేకు ఎక్కుతుంది. ఆ రెంటి సందులోకి బ్రష్ దూరదు, వెల్డింగ్ వేడికి ముందున్న పెయింటూ కాలిపోతుంది. కొత్త తుప్పుకి అంతకన్నా మంచి కాపురం ఎక్కడ దొరుకుతుంది?

ఇంకొకటి. మన బండి 1974 నాటి మార్క్ 2. యాభై ఏళ్ళు దాటిపోయింది. 2021లో కేంద్రం తెచ్చిన వింటేజ్ వాహనాల నియమాల ప్రకారం, యాభై ఏళ్ళు దాటి, ఛాసిస్‌నో బాడీ షెల్‌నో ఇంజన్‌నో పెద్దగా మార్చకుండా అసలు రూపంలో ఉన్న బండికే ఆ రిజిస్ట్రేషన్. అది తీసుకుంటే రోజువారీ తిరగడానికి కుదరదు కాబట్టి మాకిప్పుడు దాని మీద ఆశ లేదు. కానీ రేపు పిల్లలకి కావాలంటే? ఉన్న ఫ్లోరు కోసేసి, ఇది పెద్ద మార్పా చిన్న మార్పా అని ఆఫీసులో వాదించుకునే గతి వాళ్ళకెందుకు?

తారు పక్షం ఒకటుంది, దానికి నాయకుడు మా బావ. "కొయ్యొద్దులే, పైన తారు కోటింగ్ కొట్టేస్తే సరి." కోతకన్నా ఇదే మాకు ఎక్కువ భయం, చూడ్డానికి బాగుంటుంది కాబట్టి. రాగిబిందె మీది చిలుము కాస్తో కూస్తో కింది లోహానికి కాపు కాస్తుంది. ఇనుప తుప్పుకి ఆ గుణం లేదు. అది స్పంజిలాగా నీళ్ళు పట్టుకుంటుంది. శుభ్రం చెయ్యకుండా దానిమీద తారు పూస్తే తేమని లోపల పెట్టి తాళం వేసినట్టే. పైన నల్లగా నిగనిగలాడతానే ఉంటుంది, కింద రేకు అప్పడం అవుతుంది. అప్పుడు షెడ్డాయన చెప్పిందే నిజమవుతుంది.

అసలు నీళ్ళు ఎక్కణ్ణుంచి వచ్చినాయని ఒక్కరూ అడగలేదు. మేం లోపల ఒకరిని టార్చిలైటుతో కూర్చోబెట్టి, బయటినుంచి పైపుతో నీళ్ళు కొట్టినాం. ముందు అద్దం రబ్బరు కింది మూలనుంచి కారతా ఉంది. అది మార్చకుండా ఫ్లోరుకి ఏం చేసినా దండగే. వెనకసీటు కింద మచ్చ వేరే కథ. పుత్తూరు పెళ్ళినుంచి వస్తా ఊరగాయ జాడీ ఒలికింది అక్కడే. ఉప్పు తేమని లాక్కుంటుంది, తుప్పుని తరుముతుంది. అందుకే మంచినీళ్ళతో రెండుసార్లు కడిగి, నాలుగు తలుపులూ తెరిచి ఎండకి పెట్టినాం. (1960 ఏప్రిల్ 1న తిరుత్తణి చిత్తూరు జిల్లా వదిలి మద్రాసు రాష్ట్రంలోకి వచ్చినాక, హద్దుకి అవతల పడిన నగరి, పుత్తూరు బంధుత్వాలు తెగకుండా చూసింది తర్వాతి రోజుల్లో ఈ కారే. ఆ జాడీల లెక్క తీస్తే ఫ్లోరు ఈమాత్రం నిలవడమే గొప్ప.)

మిగిలిన పని ఇంట్లో చేసుకునేదే. పాత పెయింటులో సీసం ఉండచ్చు, పొడి పీల్చకూడదు. ముక్కుకి మాస్కు కట్టుకుని, ఉప్పు కాగితం నీళ్ళతో తడిపి రుద్దాలి. ఆరినాక థిన్నర్ గుడ్డతో తుడిచి, సందుల్లో మిగిలిన తుప్పు మీద రస్ట్ కన్వర్టర్ పల్చగా పూయాలి. చేతికి గ్లౌజులు, కంటికి అద్దాలు తప్పనిసరి. టానిక్ ఆమ్లం ఉన్న రకమైతే ఎర్రమచ్చ మన కళ్ళముందే నల్లబడుతుంది. ఇదేదో విదేశీ మాయ అనుకునేవాళ్ళు శ్రీకాళహస్తి పోయి చూడండి. అక్కడ కలంకారీవాళ్ళు తుప్పుపట్టిన ఇనుముని బెల్లం నీళ్ళలో నానబెట్టి, కరక్కాయలో తడిపిన గుడ్డమీద నల్లగీత గీస్తారు. ఇనుమూ కరక్కాయలోని టానినూ కలిసి నల్లబడటమే అక్కడా ఇక్కడా జరిగేది. దానిమీద జింక్ ఫాస్ఫేట్ ప్రైమర్, ఆపైన రెండు చేతులు పెయింటు. వాన వాసన ఉన్న రోజు మాత్రం డబ్బా మూత తియ్యొద్దు.

తలుపుల కింది పెట్టె భాగాలు మెత్తబడినా, జాకీ ఆనించేచోట స్క్రూడ్రైవర్ దిగినా మేమూ వెల్డింగే అంటాం. ప్రాణాలతో పంతాలు ఆడం. ఆ చోట్లన్నీ పొడిచి చూసినాకే ఇది రాస్తా ఉన్నాం.

జనపనార పట్టా మళ్ళీ వెయ్యం, తడిస్తే అది ఆరదు. ఉత్త మ్యాట్లు చాలు, నెలకోసారి ఎత్తి చూస్తాం. ఆడికృత్తికకి పాలకుండలు ఎవరి ఒళ్ళో వాళ్ళు పట్టుకుని కూర్చోవాలి.

షెడ్డాయనకి అడ్వాన్సు ఇచ్చేసిన చిన్నాయనకి ఒక మాట: ఆ డబ్బు వెనక్కి రాకపోతే మేమిస్తాం, కోప్పడొద్దు. కారు తాళాలు మాత్రం మా దగ్గరే ఉండాయి.