పందిని కాల్చమంటే సరిపోదు, ఏ తూటాతోనో కూడా రాయండి

ఇవాళ పోస్టు కాస్త పొడుగు. తిట్టాలనిపిస్తే చివరిదాకా చదివాకే తిట్టండి.

అడవి పందుల మాట వస్తే మన దగ్గర రెండే గొంతులు వినపడతాయి. ఒకటి "తుపాకులు ఇవ్వండి, చంపేస్తాం" అంటది. రెండోది "మూగజీవాలు, ముట్టుకోవద్దు" అంటది. నేను మొదటి పక్షమే, దాచేదేం లేదు. కృష్ణ ఒడ్డున లంకల్లో, రెల్లు దుబ్బుల పక్కన మొక్కజొన్నో కందో వేసినోడికి పంది ఏం చేస్తదో ఒకరు చెప్పక్కర్లేదు. తినేదాని కంటే తొక్కి పాడుచేసేదే ఎక్కువ.

కానీ నా పేచీ మనవాళ్ళతోనే. "ఏ తుపాకైతే ఏంది, ఏ గుండైతే ఏంది, పంది చస్తే చాలు" అంటున్నారే, ఆ మాటతో. పంది అట్టా చావదండీ. గాయపడతది. గాయపడ్డ పంది దుబ్బుల్లో దూరి పడుకుంటది. పొద్దున్నే గడ్డికి పోయిన ఆడమనిషి మీదకో, కలుపుకొచ్చిన కూలీ మీదకో లేస్తది. కాల్చినోడు అప్పటికి ఇంట్లో నిద్రపోతుంటాడు.

ముందు పంది ఒళ్ళు చూడండి. ముదురు మగపందికి భుజాల మీద చర్మం కింద గట్టి కవచం లాంటి పొర ఉంటది. మగపందులు కోరలతో కుమ్ముకునేటప్పుడు దానికి కాపు అదే. ఆ పైన ఎండిన బురద. గుండె, ఊపిరితిత్తులు ముందుకాళ్ళ మధ్య, మనం అనుకునేదాని కంటే కిందకి, ముందుకి ఉంటాయి. వీపు మీద నిక్కిన వెంట్రుకలు చూసి పంది ఎత్తు లెక్కేసి కాలిస్తే, దెబ్బ పై కండలోకి పోతది. పంది పారిపోతది.

ఇక నాటు తుపాకి. నల్లమందు కూరి, సైకిల్ బేరింగు గుళ్ళు పోసి కాలుస్తారు. ఉక్కు గుండు ఒంట్లో విచ్చుకోదు, సన్నగా బొక్క పెడతదంతే. దానికి వేగం తక్కువ, గుండ్రంగా ఉండేసరికి నాలుగడుగులు పోయేలోపు ఆ ఉన్న ఊపూ తగ్గిపోతది. పైగా నీళ్ళున్న మడి మీద తగిలితే ఎటు ఎగురుతదో దేవుడికే తెలియాలి.

పన్నెండు బోరు తుపాకిలో ఎల్‌జీ, ఎస్‌జీ రవ్వలు వేస్తారు. దగ్గరలో పని చేస్తాయి, కాదనను. నలభై గజాలు దాటాక రవ్వలు చెదిరిపోతాయి. ఒకటి కాలికి, ఒకటి పొట్టకి తగులుతది. పొట్టకి తగిలిన పంది గంటల తరబడి, ఒక్కోసారి రోజుల తరబడి చస్తది. పక్షుల కోసం చేసిన సన్న రవ్వలతో పందిని కొట్టేవాళ్ళ గురించి నేను మాట్లాడను, అది వేట కాదు.

రైఫిల్ అయితే సరా? అక్కడా తేడా ఉంది. ఫుల్ మెటల్ జాకెట్ అనే తూటాకి సీసం చుట్టూ, ముక్కుతో సహా గట్టి లోహపు తొడుగు ఉంటది. అది ఈ పక్క దూరి ఆ పక్క పోతది, బొక్క సన్నం, ఊపంతా బయటికే. సాఫ్ట్ నోస్ తూటాకి ముక్కు దగ్గర తొడుగుండదు, సీసం బయటికి కనపడతది. ఒంటికి తగలగానే అది పుట్టగొడుగులా విచ్చుకుని తన ఊపు లోపలే దించేస్తది. సరైన చోట తగిలితే పంది దూరం పోలేదు.

ఈ విచ్చుకునే తూటాలకి పేరొచ్చింది మన కలకత్తా పక్క దమ్‌దమ్ ఆయుధాల ఫ్యాక్టరీ నుంచే. 1899లో హేగ్ సమావేశంలో యుద్ధంలో వాటిని వద్దన్నారు. "మనుషుల మీద వద్దన్నది జంతువు మీద ఎట్టా వాడతారు" అని కొందరు అడుగుతారు. సైనికుడికి గాయమైతే ఆసుపత్రి ఉంది. పందికి ఏ ఆసుపత్రి ఉంది? దానికి త్వరగా పోవడమే దయ.

విచ్చుకోవడం ఒక్కటే చాలదు, లోపలికి దిగాలి కూడా. 1946లో అమెరికా వేటగాడు జాన్ నోస్లర్ కెనడాలో బురద పూసుకున్న మూస్ దుప్పిని కొడితే తూటాలు పైపైనే చితికి ఆగిపోయాయి. అప్పుడాయన తూటా మధ్యలో అడ్డుగోడ పెట్టాడు. ముందు సగం విచ్చుకుంటది, వెనక సగం గట్టిగా ఉండి లోపలికి తోస్తది. 1948 నుంచి అమ్మకానికి వచ్చింది. బురద పూసుకునే పంది ఉన్న మనకి ఇది కొత్త పాఠం కాదు. చిన్న, తేలిక, అతివేగం తూటా కంటే, ముక్కు మెత్తగా ఉండి బరువున్న తూటా మేలు.

మరి మన చట్టం ఏమంటది? 1959 ఆయుధాల చట్టం 13వ సెక్షన్ చూడండి. పంట కాపాడుకునే రైతుకి మజిల్ లోడర్, అంటే మూతి నుంచి మందు కూరే తుపాకి. అది చాలదని అధికారికి అనిపిస్తే ఇంకో నున్నగొట్టం తుపాకి. పంట రక్షణ అన్నచోట రైఫిల్ మాటే లేదు. ఇంగ్లండులో 1991 జింకల చట్టం చూడండి. రైఫిల్ ఎంత బోరుకి తగ్గకూడదో రాశారు. తూటా మెత్తముక్కుదో బోలుముక్కుదో అయ్యుండాలని రాశారు. వాళ్ళకి జింక మీద ఉన్న పట్టింపు, మనకి జంతువు మీదా లేదు, రైతు మీదా లేదు.

వన్యప్రాణి చట్టం 11వ సెక్షన్ కింద, పంట పాడుచేసే పందిని కాల్చడానికి అనుమతి ఇవ్వొచ్చు. కేరళలో 2022 నుంచి పంచాయతీ అధ్యక్షులకే ఆ అధికారం ఇచ్చారు. మంచిదే. కానీ ఎవరికి అధికారం అన్న దగ్గరే మన చర్చ ఆగిపోతంది.

అనుమతి ఆలస్యమైతే ఏమవుతదో తెలుసుగా? కరెంటు తీగలు, నాటు బాంబులు. 2020లో కేరళ పాలక్కాడ్ దగ్గర పందుల కోసం పెట్టిన పేలుడు కాయ కొరికి, కడుపుతో ఉన్న ఏనుగు నోరు పగిలి నదిలో నిలబడి చచ్చింది. కరెంటు తీగకి పందీ, పాలేరూ, పక్కచేను రైతూ ఒకటే.

"రైఫిల్ తూటా మైళ్ళు పోతది, డెల్టాలో ఎట్టా?" అని అడిగితే, అది సరైన ప్రశ్నే. మనకి వెనక కొండ లేదు, కరకట్ట దాటితే ఇళ్ళే. అందుకే మంచె మీద నుంచి కిందకి, తూటా మట్టిలో దిగేట్టు కాల్చాలి. అది చేతనైన షూటరే కాల్చాలి. ప్రతి రైతుకీ రైఫిల్ ఇమ్మని నేను అడగట్లేదు.

నేనడిగేది ఇది. అనుమతి కాగితంలో నాలుగు ముక్కలు రాయండి. ఏ తుపాకి, ఏ తూటా. ఎంత దూరం లోపల. కాల్చే చోటు వెనక ఏముంది. గాయపడితే వెతికి ముగించే బాధ్యత ఎవరిది. చచ్చినదాన్ని లోతుగా పూడ్చండి, సీసం తునకలున్న కళేబరాన్ని గద్దలకీ కుక్కలకీ వదలొద్దు.

మీ ఊళ్ళో గ్రామసభ జరిగినప్పుడు "తుపాకి కావాలి" అని అరిచి వచ్చెయ్యకండి. ఈ నాలుగూ కాగితం మీద రాయించుకుని రండి.